కాకి ఎండ

మా ఊరి అంగన్‌వాడీ గోడ మీద సూర్యుడు నవ్వుతూ ఉన్నాడు. గుండ్రటి పసుప్పచ్చ ముఖం, ఎర్రటి బుగ్గలు, చుట్టూ పూరేకుల్లాంటి కిరణాలు. పక్కన గొడుగు పట్టుకున్న వానాకాలం, మఫ్లరు చుట్టుకున్న చలికాలం. పాలమూరు ఎండకు నవ్వుముఖం గీసిన ఆ పెయింటర్ని చైత్రమాసంలో ఒక్క మధ్యాహ్నం మా ఊరి రాతిగుండ్ల మీద కూర్చోబెడితే బాగుండును అనుకున్నాను. మా ఊరు పెద్దమందడికి దగ్గరే. నేను మాత్రం ఉద్యోగమని వనపర్తి చేరి అక్కడే ఉండిపోయాను. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాక ఏవో నాలుగు పుస్తకాలు రాశాను కాబట్టి, ఊళ్ళో ఏ చిన్న కార్యక్రమం జరిగినా నన్ను పిలవడం మా వాళ్ళకు అలవాటైపోయింది. ఈసారి పిలిచింది మా చిన్నాయన కొడుకు కూతురు శ్రీలత. ఆ అంగన్‌వాడీలో టీచరు. "పిల్లలకు ఎండ గురించి చెప్పాలె అత్తా. ఉష్ణోగ్రత, జాగ్రత్తలు, గివన్ని. నేను చెప్తె ఇనరు. నువ్వైతె కథలెక్క చెప్తవు. జర రా" అంది ఫోనులో.

ఆ రోజుల్లో మా అక్క జములమ్మ నా దగ్గరే ఉంది. నాకంటే ఐదేళ్ళు పెద్దది. గద్వాల అవతల ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. వనపర్తిలో కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మా ఇంట్లో విసుగ్గా కాలం గడుపుతోంది. ఊరికి పోదాం రమ్మంటే ముందు గోడవైపు తిరిగి పడుకుంది. "నేనేం జేస్త గాడ? నువ్వు పోయిరా పో" అంది. ఒక్కదాన్నే వదిలిపెట్టి పోనని మొండికేస్తే, ఆటో వచ్చాక మాటా పలుకూ లేకుండా వచ్చి కూర్చుంది. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, చనిపోయినప్పుడు వచ్చిందే తప్ప ఆ తర్వాత అక్క ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు. ఎవరి పెళ్ళికి పిలిచినా ఏదో ఒక సాకు చెప్పేది. కారణం నాకు తెలుసు. తెలిసీ బలవంతం చేశాను, ఇన్నేళ్ళయింది కదా అనుకుని.

చాప మీద పిల్లలు వరసగా కూర్చున్నారు. శ్రీలత నాకొక కుర్చీ, అక్కకొక కుర్చీ వేసింది. అక్క తన కుర్చీని తలుపు దగ్గరికి లాక్కుని, వీధివైపు తిరిగి కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది కానీ పైనున్న స్లాబు వేడినే కిందికి తోస్తోంది. "ఎండ బాగ ఎక్కువైందని మీకెట్ల తెలుస్తది?" అని అడిగాను పిల్లల్ని. ముందువరసలోని ఒక బుడ్డోడు చెయ్యెత్తి, "మా నాయిన సెల్లుల నలభై రెండు ఉంటది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అవ్వ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. వాడి వయసులో మాకు అంకెలు రావు. అయినా ఎండ ఎంతుందో మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్ళం. అవ్వ నేర్పింది.

మాది మట్టి మిద్దె. ముందు వాకిలి, వాకిట్లో వేపమండలూ జొన్నసొప్పా పరిచిన పందిరి. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు కూలికి పోయేటప్పుడు చిన్నపిల్లల్ని తెచ్చి ఆ పందిరి కింద దింపిపోయేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, అదలా జరిగిపోయేది. అవ్వ అప్పటికే పొలం పనికి పోలేని మనిషి. మోకాళ్ళు పట్టేసేవి. ఒంటి మీదినుంచి ఎప్పుడూ ఆముదమూ పొగాకూ కలిసిన వాసన వచ్చేది. పొద్దున్నే రంజన్ కుండ కింద ఇసుక తడిపి, చల్లటి నీళ్ళు నింపి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించేది. పిల్లలు రాగానే ఒక్కొక్కళ్ళ నాలుక చాపించి చూసేది. నాలుక తడిగా లేనివాడు ముందు నీళ్ళు తాగాలి, తర్వాతే ఆట. మధ్యాహ్నానికి జొన్న అంబలి, ఉల్లిగడ్డ. కొల్లాపూర్ తోటలనుంచి ఎవరైనా మామిడికాయలు తెస్తే వాటిని నిప్పుల్లో కాల్చి, గుజ్జు పిసికి, బెల్లమూ ఉప్పూ వేసి నీళ్ళలో కలిపేది. కాలిన మామిడితొక్క వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆ పందిరే గుర్తొస్తుంది.

ఎండను అవ్వ మూడు రకాలు చేసింది. కోళ్ళు వాకిట్లో గీరుకుంటూ తిరుగుతుంటే అది కోడి ఎండ. ఎక్కడైనా ఆడుకోవచ్చు. గొర్రెలు మేత మానేసి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడితే అది గొర్రె ఎండ. పందిరి దాటకూడదు. దడి మీద కూర్చున్న కాకి నోరు తెరిచి మూయకపోతే అది కాకి ఎండ. అప్పుడు పందిరి కింద కూడా ఉండకూడదు, మిద్దెలోకి పోయి నేలమీద పడుకోవాలి. "ఇప్పుడేం ఎండరా?" అని హఠాత్తుగా అడిగేది అవ్వ. మేమంతా కోడినో గొర్రెనో కాకినో వెతికి చూసి అరిచేవాళ్ళం. వాకిట్లోని బండ మీద చెయ్యి వెనకవైపు ఆనించి, "జములమ్మ తల్లీ" అని అమ్మవారిని పిలవడం పూర్తయ్యేలోపు తీసేయాల్సి వస్తే ఆ బండ మీద కాలు పెట్టకూడదనేది. నీడ పొడుగ్గా ఉంటే ఎండకు బలం లేదు, నీడ కాళ్ళ కిందికి వచ్చి ముడుచుకుంటే ఎండ మన నెత్తిమీద ఉన్నట్టు. నేను తర్వాత ట్రైనింగులో భూమీ సూర్యుడూ కోణాలూ అన్నీ చదువుకున్నాను. వాటిలో చాలా సంగతులు అవ్వ నాకు అంతకుముందే చూపించి ఉంది. ఆ విషయంలో ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకపై చెప్పబోయేది ఆమెకు మర్యాద తెచ్చేది కాదు.

అవ్వ నేర్పిన ఇంకొక పాఠం ఉంది. దాన్ని మేం ఆటగా ఆడేవాళ్ళం. ఒకరు జెరమొచ్చినవాళ్ళు, ఇంకొకరు చూసుకునేవాళ్ళు. జెరమొచ్చినవాడు కళ్ళు మూసుకుని పడుకుంటే, చూసుకునేవాడు నుదుటి మీద చెయ్యి పెట్టి, ఒళ్ళు కాలుతోందని చెబుతూ, "అబ్బో, పెయ్యి గాలుతుంది" అనాలి. తర్వాత మూలనున్న నల్ల గొంగడి తెచ్చి తలా కాళ్ళూ కనబడకుండా కప్పాలి. కప్పి, అంచులు ఒత్తిపట్టుకుని పాటలాగా చెప్పాలి: "గాలి తగలనియ్యొద్దు, నీళ్ళు తాపొద్దు, చెమట పట్టేదాక తియ్యొద్దు." లోపల ఉన్నవాడు కాసేపటికి ఉక్కిరిబిక్కిరై గొంగడి తన్నేసి లేచేవాడు, మేమంతా నవ్వేవాళ్ళం. గొర్రెబొచ్చు వాసన, ఆ గరుకు, ఆ చీకటి అన్నీ నాకు గుర్తే. పక్కింటి బాలమ్మ నా ఈడుది, ఎప్పుడూ జెరమొచ్చిన పాత్రే కావాలని పేచీ పెట్టేది. చూసుకునే పాత్ర మాత్రం అక్కదే. ఆ పందిరి కింద అక్కను మించిన శిష్యురాలు లేదు. పదకొండేళ్ళ పిల్ల, చంకలో ఎప్పుడూ వీధిలో ఎవరో ఒకరి పసిబిడ్డ ఉండేది. పిల్లల తల్లులు కూడా అవ్వ కంటే ముందు అక్క చేతికే అందించి పోయేవారు.

అవ్వ ఆ పాఠం ఊరికే కల్పించలేదు. మా వైపు ఆ కాలంలో చలిజ్వరాలు విపరీతం. ఒళ్ళంతా వణుకు, మీద గొంగళ్ళు, కాసేపటికి చెమటలు, ఆ తర్వాత ఒళ్ళు చల్లబడడం. మా నాయిన చిన్నప్పుడు అలాగే బతికాడని, మూడు గొంగళ్ళు కప్పి తెల్లారేదాకా పట్టుకుని కూర్చున్నానని అవ్వ చెప్పుకునేది. కన్నకొడుకును దక్కించిన విద్య అది. చలిజ్వరం వేరు, ఎండదెబ్బ వేరు అని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. రెండింటిలోనూ ఒళ్ళు కాలుతుంది. కాలే ఒంటికి మందు చెమటే అని నమ్మింది, నమ్మినదాన్ని మా అందరి చేతా వల్లె వేయించింది.

పల్లికాయ తెంపే రోజులు. ఉప్పునుంతలలో అవ్వ అన్న చనిపోయాడని కబురొస్తే అవ్వా నాయినా పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయారు. అమ్మ పల్లికాయ తెంపడానికి వాగవతలి చేనుకు పోయింది. పందిరి కింద ఆ రోజు పిల్లలెవరూ లేరు. ఇంట్లో అక్కా, నేనూ, మా తమ్ముడు అంజి. వాడికి నాలుగేళ్ళు. చామనచాయ, పెద్ద కళ్ళు, మాట ఇంకా సరిగా తిరగదు, అక్కను "జమ్మూ" అని పిలిచేవాడు. అక్క పొయ్యి దగ్గర ఉండగా వాడు మేకపిల్ల వెంటబడి వాకిలి దాటిపోయాడు. మేం వెతకని చోటు లేదు. వాడు ఊరి వెనక గుండ్ల మధ్యకు పోయాడు. ఆ గుండ్లు మధ్యాహ్నం వేళ పెనాల్లా కాలేవి. చివరికి వాడే వచ్చాడు. గోడ పట్టుకుని, కాళ్ళు తడబడుతూ, ముఖం ఎర్రగా కమిలిపోయి. ఒంటి మీద ఒక్క చెమటచుక్క లేదు. అక్కను చూసి "అవ్వా" అన్నాడు. అక్క వాణ్ణి ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి నుదురు ముట్టుకుంది. నావైపు తిరిగి, "ఉరుకు సుగుణా, అమ్మను తోల్కరా. నీడ నీడన పో" అంది. దడి మీద కాకి నోరు తెరుచుకుని ఉంది.

నేను పరుగెత్తాను. అమ్మ నా ముఖం చూడగానే పల్లిచెట్లు అక్కడే పడేసి నాకంటే ముందు ఉరికింది. మేం వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల కిటికీకి గోనెసంచి అడ్డం కట్టి ఉంది. నేలమీద అంజి, వాడి మీద గొంగడి, దాని మీద ఇంకొక గొంగడి. గాలి దూరకుండా అంచుల్ని రెండు చేతులతో నేలకు ఒత్తిపట్టి కూర్చుంది అక్క. ఆమె గడ్డం మీదినుంచి చెమట గొంగడి మీదికి కారుతోంది. "ఇంక చెమట పట్టలేదమ్మా" అంది అమ్మను చూసి. అమ్మ గొంగళ్ళు లాగేసింది. వాడి కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. మా చిన్నాయన వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తి, దొరికిన లారీ ఎక్కి, అమ్మతోపాటు వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు. పొద్దు గుంకకముందే తిరిగొచ్చారు. చిన్నాయన భుజం మీద అంజి అలాగే ఉన్నాడు. అమ్మ ఏడవడం లేదు, వాడి కాళ్ళకు ఎండ తగులుతోందని కొంగు కప్పుతూ నడుస్తోంది. నేను పరుగెత్తినప్పటినుంచి మేం తలుపు తీసేదాకా ఆ గదిలో ఏం జరిగిందో అక్క ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు.

మరునాడు పొద్దున్నే అవ్వా నాయినా వచ్చారు. వాకిట్లో ఊరంతా కూడి ఉన్నారు. చిన్నాయన దాపరికం తెలియని మనిషి. డాక్టరు అన్న మాట అందరి ముందూ అనేశాడు. "ఎండదెబ్బ అన్నడు. గొంగడి గప్పి సంపుకున్నరు, బట్టలిప్పి తడిగుడ్డ ఏస్తె బతుకుతుండె గద అని తిట్టిండు." గుంజను ఆనుకుని కూర్చున్న అక్క తలెత్తి అవ్వవైపు చూసింది. నేను అక్క పక్కనే ఉన్నాను కాబట్టి ఆ చూపు నాకు తెలుసు. భయం కాదు. అవ్వ ఇప్పుడు చెబుతుందని ఎదురుచూడడం. నేనే చెప్పిన, పిల్ల నేను చెప్పినట్లే చేసింది అని అవ్వ ఒక్కమాట అంటుందని.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "డాక్టరుకేం దెల్సు" అంది. "పొల్లగాడు మిట్టమధ్యాన్నం గుండ్లల్లకు పోయిండు. గాడ గాలి ఉన్నది. గాలి సోకింది నా బిడ్డకు." అంతే. ఎవరో ఆడమనిషి అవునంది. ఇంకెవరో తమ మేనల్లుడికి అలాగే సోకిన కథ ఎత్తుకున్నారు. నాయిన నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ అక్కను ఒక్కమాట అనలేదు, అలాగని దగ్గరికీ తీసుకోలేదు. కాసేపటికి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు.

పైకి అందరూ గాలి అనే అన్నారు. లోపల మాత్రం డాక్టరు మాట మిగిలిపోయింది. అది అవ్వకు అంటలేదు, అక్కకు అంటింది. కూలికి పోయే తల్లులు మళ్ళీ పిల్లల్ని తెచ్చారు, తేక ఏం చేస్తారు, ఇంకో పందిరి లేదు. కానీ పసిబిడ్డల్ని అవ్వ ఒళ్ళోనే పెట్టిపోయేవారు. అక్క చెయ్యి చాపితే చూడనట్టు పక్కకు తిరిగేవారు. అక్క చంక ఖాళీ అయింది. కొన్నాళ్ళు అలవాటుగా నడుము ఒకపక్కకు వంచి నిలబడేది, తర్వాత అదీ మానేసింది. ఆ వయసు పిల్లకు అంత శిక్ష ఎందుకు వేశారో ఆ ఊరిని నేను ఇప్పటికీ అడగాలనుకుంటాను. అడిగితే, మేమేమన్నామమ్మా అంటారు. నిజమే, ఎవరూ ఏమీ అనలేదు.

వానలింకా పడని ఒక రోజు పందిరి కింద అవ్వ కోడి ఎండా గొర్రె ఎండా చెబుతోంది. చెప్పడం అయిపోయాక బాలమ్మ నేలమీద వెల్లకిలా పడుకుని, "నాకు జెరమొచ్చింది, గొంగడి గప్పుండ్రి" అంది. అవ్వ ఉలిక్కిపడింది. "ఆ ఆట వద్దు, లెవ్వు" అంది. అంతలో అక్క ఇంట్లోనుంచి బయటికి వచ్చింది. చేతిలో చీపురు ఉంది.

"ఎందుకొద్దో జెప్పు అవ్వా" అంది.

అవ్వ విసనకర్ర అందుకుంది.

"పెయ్యి గాలితె ఏం జెయ్యాలెనో పోరగాండ్లకు జెప్పు. గొంగడి గప్పుమన్నది తప్పని జెప్పు. నువ్వే జెప్పినవని జెప్పు."

"పనిచూస్కో పో."

"ఒక్కపారి జెప్పు అవ్వా. నీ కాళ్ళు మొక్కుత."

పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, మిద్దెలోకి పోయి పడుకుంది. అక్క వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి పందిరి కింద గొంగడి పాఠం లేదు. తప్పని ఎవరూ చెప్పలేదు, చెప్పడం మానేశారంతే. అంతకుముందు నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నట్టే పెద్దవాళ్ళై, తలా ఒక ఊరికి పోయారు.

అవ్వ ఎందుకు చెప్పలేదో ఆలోచిస్తే నాకు అర్థమవుతుంది. ఆ మాట అంటే మనవణ్ణి చంపుకున్నది తనే అవుతుంది. గాలి మీద పెట్టేస్తే రాత్రికి నిద్రయినా పడుతుంది. అర్థమైనంత మాత్రాన నాకు కోపం తగ్గలేదు. ఆ తర్వాత అక్కకు అవ్వ చేయనిది లేదు. తలకు నూనె పెట్టేది, తన పళ్ళెంలోది తీసి పెట్టేది, మామిడి పానకం మొదటి గ్లాసు అక్కకే ఇచ్చేది. అక్క తాగేది కాదు. పెళ్ళై గద్వాల వైపు పోయేరోజు అవ్వ అక్కను పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు బండివాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అక్క కట్టెలాగా నిలబడి ఏడుపు అయ్యేదాకా ఆగి, బండెక్కింది. అవ్వ చివరి రోజుల్లో అక్కను పిలిపించమని ఒకటే గోల. అక్క వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, ఇప్పుడైనా అంటుందని. అవ్వ అక్క చెయ్యి పట్టుకుని, "పిల్లలు మంచిగున్నరా?" అని అడిగింది. మంచిగున్నరంది అక్క. ఆ తెల్లవారి అవ్వ పోయింది.

ఇదంతా చెప్పడానికి ఇంతసేపు పట్టింది కానీ అంగన్‌వాడీలో నా మనసులో తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. పిల్లలు నాకోసం చూస్తున్నారు. కోడి ఎండ, గొర్రె ఎండ, కాకి ఎండ చెప్పాను. భలే సంబరపడ్డారు. ఒకడు కిటికీ దగ్గరికి ఉరికి, "కాకి లేదు టీచర్" అన్నాడు. ఇంకొక పిల్ల, "మా కోళ్ళు ఫారంల ఉంటయి. ఎండకు సస్తయి" అంది. ఇక చార్టు చూపించే వంతు శ్రీలతది. తెల్లబట్టలు, గొడుగు, మజ్జిగ గ్లాసు బొమ్మలన్నీ అయిపోయాక, "ఎండదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతుంటె ఏం చెయ్యాలె?" అని అడిగింది. వైష్ణవి అనే పిల్ల టక్కున లేచి చేతులు కట్టుకుంది. పాఠం బాగా వచ్చిన పిల్ల గొంతుతో గడగడా చెప్పేసింది.

"దుప్పటి గప్పాలె. గాలి తగలనియ్యొద్దు, నీళ్ళు తాపొద్దు, చెమట పట్టేదాక తియ్యొద్దు."

అదే వరస. అదే లయ. అరవై ఏళ్ళకు దగ్గరపడిన మాట ఆ పసినోట్లో కొత్తగా వినిపించింది. శ్రీలత నవ్వి, "అట్ల కాదు నాన్నా, ఎవరు చెప్పిండ్రు నీకు?" అంది. "మా జేజి" అంది పిల్ల. నేను అక్కవైపు చూడడానికి భయపడ్డాను. అక్క అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎవరి మనవరాలమ్మా ఈ పిల్ల?" అని అడిగింది శ్రీలతను.

"బాలమ్మ మనవరాలు పెద్దత్తా. మీ పాత ఇంటి పక్కన ఉండె చూడు, గా బాలమ్మ."

"ఆమె ఇల్లు చూపియ్యి" అంది అక్క నాతో.

ఎండ దిగాక పోదాం, కంటికి మంచిది కాదు అన్నాను. వినలేదు. నల్లద్దాలు సర్దుకుని, కొంగు నెత్తిన వేసుకుని వీధిలోకి దిగింది. నేను వెనక నడిచాను. మా మిద్దె ఉన్నచోట ఎవరిదో రేకుల షెడ్డు ఉంది. మట్టి మిద్దెల్లో మధ్యాహ్నాలు చల్లగా పడుకున్న ఊరు ఇప్పుడు స్లాబుల కింద ఉడుకుతోంది. దడులు లేవు, గొర్రెలు ఎక్కడో దూరం, ఎండ ఎంతో తెలియాలంటే జేబులోంచి ఫోను తీయాలి. అవ్వ చెప్పిన మంచి సంగతులన్నీ, నీడా బండా కాకీ అన్నీ, ఈ ఊరు మరిచిపోయింది. ఆ ఒక్కటి మాత్రం గోడలు మారినా చెడకుండా ఇంటింటికీ చేరింది. నాకు అవ్వ మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు, ఆమె కావాలని కూడా ఎప్పుడూ ఇంతగా అనిపించలేదు.

బాలమ్మ ఇంట్లో కూలరు మోగుతోంది. నన్ను చూసి నవ్వుతూ లేచింది, నా వెనక అక్కను గుర్తుపట్టి ఎదురొచ్చింది. "జములక్కా! ఎన్నేండ్లాయె నిన్ను చూసి" అంటూ కుర్చీ లాగింది, చల్లనీళ్ళు తెచ్చింది. అక్క కూర్చోలేదు, గ్లాసు ముట్టుకోలేదు.

"బాలమ్మా, అవ్వ మనకు నేర్పిన గొంగడి ఆట యాదికున్నదా?"

"యాదికి లేకేమక్కా. ఎప్పుడు నన్నే గప్పుతుంటివి గద" అని నవ్వింది బాలమ్మ.

"అది తప్పు" అంది అక్క. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "మా అంజి గాలి సోకి పోలేదు. ఎండదెబ్బ తగిలొస్తె నేను గొంగడి గప్పిన. అవ్వ జెప్పినట్లె గప్పిన. ఆ గొంగడికే పోయిండు. డాక్టరు జెప్పిందే నిజం. నీ మనవరాలు బడిల గదే జెప్తుంది. గట్ల జెప్పకు బాలమ్మా. ఎండల తిరిగొచ్చి పెయ్యి గాలితె బట్టలిప్పాలె, తడిగుడ్డ ఎయ్యాలె, ఇసరాలె. తెలివుంటె గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాపాలె. దవాఖానకు ఉరకాలె."

అక్క నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. అవ్వ అనలేని మాట అక్క అనేసింది. నాకు గుండె నిండినట్టయింది. ఇక ఇంటికి పోదామని అక్క భుజం మీద చెయ్యి వేయబోతూ బాలమ్మ ముఖం చూశాను. ఆ ముఖంలో నవ్వు లేదు, రక్తం కూడా లేనట్టు ఉంది. చేత్తో గోడ పట్టుకుని మెల్లగా గడప మీద కూలబడింది.

"గాలి గాదా?" అని అడిగింది.

"గాదు."

బాలమ్మ మొదటి కొడుకు చిన్నప్పుడే పోయిన సంగతి నాకు తెలుసు. అప్పుడు నేను నాగర్‌కర్నూలులో ట్రైనింగులో ఉన్నాను. జెరమొచ్చి పోయాడని ఎవరో చెప్పగా విని, అయ్యో అనుకుని ఊరుకున్నాను. ఆ ఇంటికి పరామర్శకు కూడా పోలేదు.

"బర్లెంట పోయొచ్చిండు" అంది బాలమ్మ, మమ్మల్ని కాదు, ఎదుటి గోడను చూస్తూ. "ఎండకాలం. పెయ్యి పొయ్యిలెక్క గాలుతుండె. నేనే గప్పిన. చెమట పట్టాలెనని పట్టుకొని కూసున్న. తెల్లారి అందరు గాలి సోకిందన్నరు. నేను గూడ గాలే అనుకున్న గదక్కా, ఇన్నేండ్లు."

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదా అని కూడా ఒక క్షణం అనిపించింది. చెప్పకపోతే ఏమవుతుందో నా ఎదురుగానే కూర్చుని ఉంది. అక్క నల్లద్దాలు తీసి కొంగుకు ముడేసుకుంది. గడప మీద బాలమ్మ పక్కన, ఆమె భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. అంత దగ్గరగా ఉన్న నాకే సరిగా వినబడనంత మెల్లగా అడిగింది.

"నీళ్ళడిగిండా?"

"అడిగిండు" అంది బాలమ్మ. "శానాసార్లు అడిగిండు. నేను తాపలే."

"అంజి గూడ అడిగిండు" అంది అక్క.